వికారాబాద్ బంకమట్టి, మా డాబా, జల్లెళ్లు: ఫాసిల్ ప్రాజెక్టు డైరీ

మార్చి చివర

ప్రాజెక్టు ఏంటో ముందు చెప్పేస్తా. హైదరాబాద్‌కి పడమర వికారాబాద్ వైపు నేలంతా నల్లరాయి కదా, డెక్కన్ ట్రాప్స్ లావా. ఆ లావా ఒకేసారి పారింది కాదు, ఒక పొర పారి చల్లారి మళ్లీ ఇంకో పొర పారేలోపు మధ్యలో చాలా కాలం గడిచింది, ఆ గ్యాప్‌లో పల్లాల్లో నీళ్లు నిలిచి చెరువులు, కుంటలు అయ్యాయి, వాటి అడుగున పేరుకున్న బురద మీద తర్వాతి లావా వచ్చి మూత వేసేసింది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటి మాట, అంటే డైనోసార్లు ఇంకా ఉన్నాయి, పోవడానికి రెడీగా ఉన్నాయి. ఆ బురదే ఇప్పుడు రెండు నల్లరాళ్ల మధ్య పలచటి బంకమట్టిగానో, చెకుముకి రాయిగానో కనిపిస్తుంది, జియాలజీ వాళ్లు ఇంటర్‌ట్రాపియన్ అంటారు. దాన్ని కాస్త తెచ్చి ఎండబెట్టి, కడిగి, జల్లించి, అందులో ఏముందో చూడటం. అంతే ప్రాజెక్టు.

చేసేది నేనూ, తొమ్మిదో క్లాసు చదివే మా అక్క కూతురూ. దానికి ఈ పిచ్చి బిర్లా సైన్స్ సెంటర్‌లో పట్టుకుంది. నౌబత్ పహాడ్ మీద కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూసుంటారుగా, 9 మీటర్ల పొడవు ఉంటుంది, ప్రాణహిత పక్కన అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) వాళ్లు తవ్వి తీసిన ఎముకలు. పి. యాదగిరి గారు 1988లో దానికి పేరు పెట్టారు. అక్కడ ఒకే చోట కనీసం 12 జంతువుల ఎముకలు కలగాపులగంగా దొరికితే వాటిల్లోంచి ఏరి ఒక జంతువుగా నిలబెట్టారు. తల మాత్రం దొరకలేదు, రెండు పళ్లు తప్ప, కాబట్టి మనకి కనిపించే తల ఊహించి చేసిందే. మా పాప దాని కింద నిలబడి "పిన్నీ, మనం వెళ్లి తవ్వితే తల దొరకదా" అంది. నవ్వొచ్చింది కానీ ప్రశ్న మంచిదే.

పెద్ద ఎముకలు మనలాంటోళ్లు తవ్వేవి కాదు, తవ్వకూడదు కూడా, ఒక ఎముకని నేల్లోంచి తియ్యాలంటే చుట్టూ ప్లాస్టర్ జాకెట్ కట్టి తియ్యాలి, లేకపోతే చేతిలోనే పొడైపోతుంది. ఇంట్లో చెయ్యగలిగింది మట్టి కడగడం. మన దగ్గర అసలు కథ ఉన్నదీ అందులోనే అని నా ఫీలింగ్.

ఎందుకంటే నస్కల్. వికారాబాద్ దగ్గర ఊరు. 1988లో గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ గారు, అశోక్ సాహ్ని గారు ఆ ఊరి ఇంటర్‌ట్రాపియన్ మట్టి జల్లించి, ఒకట్రెండు మిల్లీమీటర్ల పళ్లు పట్టుకుని, ఇండియాలో క్రెటేషియస్ (డైనోసార్ల చివరి దశ) కాలపు మొదటి క్షీరదం అని నేచర్ పత్రికలో వేశారు. పేరు డెక్కనోలెస్టిస్ హిస్లోపీ. ఎలకంత జీవి. తర్వాత దాని చీలమండ ఎముకలు కూడా దొరికితే వాటిని బట్టి చెట్లెక్కేదని తేల్చారు. చీలమండ ఎముక అంటే మళ్లీ మిల్లీమీటర్ల లెక్కే, దాంట్లోంచి చెట్టెక్కేదా నేల మీద తిరిగేదా చెప్పగలిగారంటే ఆలోచించండి. అదే ఊర్లో ఇంకో వింత జీవి పళ్లు కూడా దొరికాయి, భారత్‌థీరియం అని, దాని చుట్టాలు మడగాస్కర్‌లో, దక్షిణ అమెరికాలో దొరుకుతాయి. హైవే మీద బైక్ మీద పోతే గంటన్నరలో వచ్చే చోటు ఇది, మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి. కోటాసారస్‌కి కనీసం ఒక హాలుంది, దీనికి అగ్గిపెట్టె చాలు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఏప్రిల్, రెండో వారం

మట్టి వచ్చింది.

రోడ్డు కటింగుల్లో వెతకడం కంటే కొత్తగా తవ్విన ఫార్మ్ పాండ్లు, బావులు చూడటం మేలు, ఎందుకంటే అక్కడ మట్టి తాజాగా బయటపడి ఉంటుంది, ఎన్ని అడుగుల కింద ఏ పొర ఉందో గోడ మీదే కనిపిస్తుంది. ఒక రైతు పొలంలో జేసీబీతో గుంట తవ్వించాడని తెలిసి వెళ్లాం (ఊరి పేరు రాయను, నలుగురూ ఎగబడితే ఆయనకి తలనొప్పి). పైన నల్లరేగడి, దాని కింద చివికిన మొరం, దాని కింద గట్టి నల్లరాయి, ఆ రాయి కింద జానెడు మందాన బూడిద ఆకుపచ్చ కలిసిన బంకమట్టి, దాని కింద మళ్లీ రాయి. ఇంకో పక్క గోడలో ఎర్రటి పొర కూడా ఉంది కానీ అది వేరు, లావా వేడికి కాలిన పాత నేల అది, అందులో మనకి పనికొచ్చేది దొరకదు.

రైతన్న ముందు అనుమానంగానే చూశాడు. "గీ మన్నుల ఏమున్నదని గింత దూరం ఒచ్చిన్రు మేడం? బంగారం గిన ఉన్నదా ఏంది?" అన్నాడు. నత్తలున్నాయన్నా, కోట్ల ఏళ్ల నాటివి అంటే, "నత్తలా! మా వరిమళ్ల ఎన్ని గావాల్నో అన్ని ఉన్నయి గదా" అని ఒకటే నవ్వు. సరే తీస్కపోండ్రి, దొరికినయి మాకు గూడ సూపియ్యిండ్రి అని గడ్డపార ఆయనే ఇచ్చాడు. పైసలిస్తానంటే తీసుకోలేదు.

మట్టి తీసేటప్పుడు ముఖ్యమైంది ఒకటే, పైన రాలిపడిన మట్టి అస్సలు తీసుకోకూడదు. ఈ కాలపు నత్తలు, గింజలు, చీమల పుట్టల చెత్త అంతా అందులో ఉంటుంది. గోడని ఒక బెత్తెడు లోపలికి గీకేసి, అప్పుడు వచ్చే శుభ్రమైన మట్టిని తియ్యాలి. పొర అడుగు నుంచి ఒక సంచి, పై నుంచి ఇంకో సంచి, రెండూ కలపకుండా. సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ, రెండూ పెన్సిల్‌తోనే, ఎందుకంటే తడిస్తే పెన్ను ఇంకు పోతుంది. ఫోన్‌లో లొకేషన్, గోడ పక్కన టేపు పెట్టి ఫోటో. ఈ చీటీ లేకపోతే ఆ తర్వాత ఎంత గొప్పది దొరికినా అది గులకరాయితో సమానం అని నాకు చెప్పిన సార్ ఖరాఖండిగా చెప్పారు, నేనూ అదే నమ్ముతా.

గట్టు మీద గుండ్రటి రాళ్లు చాలా పడున్నాయి, పిల్ల వెంటనే "పిన్నీ గుడ్లు!" అని అరిచింది. కాదు. నల్లరాయి పగుళ్లలోకి నీళ్లు దిగి, మూలలు ముందు చివికి, పొరలు పొరలుగా ఊడిపోయి మధ్యలో గుండు మిగులుతుంది, డెక్కన్ ట్రాప్స్‌లో ఎక్కడ చూసినా ఇవే. ఏడాదికోసారి ఎక్కడో ఒకచోట డైనోసార్ గుడ్లు దొరికాయని వాట్సాప్‌లో తిరుగుతుంది కదా, 2020లో తమిళనాడు పెరంబలూరులో అలాగే పెద్ద హడావుడి అయింది, చివరికి సముద్రపు అడుగు మట్టి గడ్డలు, అమ్మోనైట్లతో (చుట్ట తిరిగిన చిప్పలుండే పాతకాలపు సముద్ర జీవులు) కలిసి గట్టిపడినవి అని తేలింది. నిజం గుడ్డు పెంకు మీద సూక్ష్మంగా రంధ్రాలు, బుడిపెలు ఉంటాయి, రాయి గుండ్రంగా ఉన్నంత మాత్రాన గుడ్డు కాదు.

ఏప్రిల్ చివర, మే మొదట్లో

ఎండబెట్టడం. ఇది ఏముందిలే అనుకుంటారు కానీ మొత్తం పనిలో దీని మీదే అంతా ఆధారపడి ఉంది. బంకమట్టిని తడిగా ఉండగా నీళ్లల్లో వేస్తే పైపైన కరిగి లోపల ముద్దలా ఉండిపోతుంది, చేత్తో పిసికితే లోపలున్నవి విరిగిపోతాయి. అందుకని వేరే పద్ధతి. మట్టిని చిన్న ముక్కలు చేసి చుక్క తేమ లేకుండా ఎండబెట్టాలి, తర్వాత కిరోసిన్‌లో నానబెట్టాలి, అది ఎండిన మట్టి సందుల్లోకి పూర్తిగా ఇంకుతుంది, మిగిలిన కిరోసిన్ వంపేసి వేడినీళ్లు పోస్తే నీళ్లు లోపలికి తోసుకుంటూ వెళ్లి మట్టి దానంతటదే విచ్చిపోతుంది. ఎక్కడో కాస్త తేమ మిగిలినా కిరోసిన్ ఇంకదు, పని జరగదు.

మా అత్తగారు డాబా మీద వడియాలు పెట్టే సీజన్ కూడా ఇదే. ఒక పక్క సగ్గుబియ్యం వడియాలు, ఒక పక్క క్రెటేషియస్. కాకులు రాకుండా రెండింటికీ కలిపి ఒకటే నెట్. "ఆ మట్టి గాలికి లేచి వడియాల మీద పడిందంటే ఊరుకోనమ్మాయ్" అని వార్నింగ్ వచ్చింది కాబట్టి మనది గోడ వారకి జరిగింది.

కిరోసిన్ మాకు దొరకలేదు. పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ వాడాం, అదీ బాగానే పనిచేస్తుంది. డాబా మీదే, బయట గాల్లోనే, గ్లవుజులు వేసుకుని, చుట్టుపక్కల పొయ్యి గానీ అగ్గిపుల్ల గానీ లేకుండా. వేడినీళ్లు కింద కాచి పైకి మోసుకొచ్చాం. వాడిన టర్పెంటైన్ డ్రైనేజీలో పోయకండి ప్లీజ్, పాత బనీను గుడ్డతో వడగట్టి సీసాలో పెట్టుకుంటే మళ్లీ వాడుకోవచ్చు.

రాత్రంతా నానాక వంపేసి వేడినీళ్లు పోశాం. చూడాలి అసలు. కొన్ని సెకన్లు ఏమీ లేదు, తర్వాత ముక్కల అంచుల నుంచి సన్నగా బుడగలు, ఆ తర్వాత ముక్క నెర్రెలిచ్చి చిట్లి పొరలుగా జారిపోవడం మొదలైంది, గంటలో బకెట్ అడుగున మెత్తటి ఆకుపచ్చ బురద మిగిలింది. పాప వీడియో తీసింది, రెండింతల స్పీడులో పెట్టి క్లాస్ గ్రూపులో వేసింది, ఒక్కడు కూడా నమ్మలేదట, ఎడిటింగ్ అన్నారట.

మే, మూడో వారం

జల్లెళ్లు. ల్యాబ్ జల్లెడలు కొనాలంటే ఖరీదు ఎక్కువ, రాణీగంజ్ వెళ్లి స్టీలు మెష్ తెచ్చుకుని సొంతంగా చేసుకున్నాం. అక్కడ మిల్లీమీటర్లు అంటే ఎవరూ వినరు, మెష్ నంబర్ చెప్పాలి, అంటే అంగుళానికి ఎన్ని కళ్లు అని. 30 మెష్ అంటే సుమారు అర మిల్లీమీటరు పైన, 60 మెష్ అంటే సుమారు పావు మిల్లీమీటరు. ఆరంగుళాల పీవీసీ పైపు ముక్కలు కోయించి, పాత దోసె పెనం వేడి చేసి దాని మీద మెష్ పరిచి పైపు అంచు నొక్కితే ప్లాస్టిక్ కరిగి మెష్‌ని పట్టేసుకుంటుంది. వాసన ఘోరం, మాస్కు వేసుకుని బయటే చెయ్యాలి, ఆ పెనం మళ్లీ వంటింట్లోకి రాకూడదు. పైన మామూలు రవ్వ జల్లెడ, మధ్యలో 30, కింద 60. షవర్ పైపుతో సన్నగా నీళ్లు వదులుతూ కడగడమే, కింద నీళ్లు తేటగా వచ్చేదాకా. ఆ బురద నీళ్లు బకెట్‌లో పట్టి తేర్చి మట్టిని వేరే పారేశాం, డాబా పైపులోకి వదిలితే పైపు పూడుకుపోతుంది.

ఇంకో చిట్కా, నాకు బాగా నచ్చింది. ఒక సంచి మట్టి కడిగాక జల్లెడ కళ్లల్లో కొన్ని గింజలు ఇరుక్కుని ఉండిపోతాయి, తర్వాతి సంచి కడిగేటప్పుడు అవి అందులో కలిస్తే ఏది ఎక్కడిదో తెలీదు. అందుకని మధ్యలో జల్లెడని మిథిలిన్ బ్లూ నీళ్లలో ముంచుతారు, ఇరుక్కున్నవి నీలం రంగు పట్టేస్తాయి, తర్వాత నీలంగా కనిపించింది ఏదైనా పాత సంచిదే అని పక్కన పెట్టెయ్యొచ్చు. మిథిలిన్ బ్లూ అక్వేరియం షాపులో దొరుకుతుంది, చేపల మందు. చేతులు రెండ్రోజులు నీలంగా ఉంటాయి, స్కూల్లో అడిగితే సైన్స్ అని చెప్పమన్నా.

జూన్

ఏరడం. ఇక్కడే చాలామంది వదిలేస్తారు. జల్లెడ మీద మిగిలింది ఆరబెట్టాక ఒక గుప్పెడు ఇసక లాంటిది. నల్ల ప్లేటులో పలచగా పరిచి, సున్నా సైజు పెయింటింగ్ బ్రష్ కొనని తడి చేసి, ఒక్కొక్కటీ ఆ తడికి అంటుకునేలా తీసి పక్కన పెట్టాలి. బియ్యంలో రాళ్లు ఏరినట్టే, కాకపోతే ఇక్కడ రాళ్లు పారేసేవి కావు, చూసేవి. మా దగ్గరున్నది యూఎస్‌బీ మైక్రోస్కోప్, డబ్బా మీద వెయ్యి రెట్లు అని రాసుంటుంది, అబద్ధం, అందులో పదో వంతు కూడా రాదేమో, అయినా ఈ పనికి సరిపోతుంది. కానీ దాంట్లో చూస్తూ ఏరడం కష్టం, చెయ్యి ఒకటి స్క్రీన్ ఒకటి. ఏరడానికి వాచ్ రిపేర్ వాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం వంద రెట్లు నయం.

ముందు దొరికినవి నత్త ముక్కలే. ఒకటి పూర్తిగా ఉంది, చిటికెన వేలి గోరంత, పొడుగాటి చివరి చుట్టు, ఎడమ వైపు తిరిగే నోరు. పాత పుస్తకాల్లో ఫైసా ప్రిన్సెపీ అని ఉండే నత్త జాతికి దగ్గరగా ఉంది, ఇప్పుడు ఆ పేరు మార్చారు. దీన్ని మొదట రాసిన కథ కూడా మన ప్రాంతానిదే, మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన మాల్కమ్సన్ 1830ల్లో హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు వెళ్తూ నిర్మల్ కొండల్లో, ఆ చుట్టుపక్కల ఏరిన వాటిని లండన్ పంపితే 1840లో అచ్చయ్యాయి. డెక్కనోలెస్టిస్ హిస్లోపీ పేరు వెనక ఉన్న హిస్లాప్ కూడా అలాంటివాడే, నాగపూర్‌లో మిషనరీ, 1850ల్లో ఇవే పొరల్లో తిరిగాడు.

తర్వాత 60 మెష్ మీద మిగిలిన దాంట్లో అసలు మజా. ముదురు గోధుమ రంగు గుండ్రటి గింజ, మిల్లీమీటరు కన్నా తక్కువ. పక్క నుంచి చూస్తే చుట్టూ వాలుగా గట్లు తిరిగున్నాయి, బ్రష్‌తో మెల్లగా నిటారుగా తిప్పి పై నుంచి చూస్తే ఆ గట్లన్నీ ఒక చుక్క దగ్గర కలుస్తున్నాయి. పాప లెక్కపెట్టింది, ఐదు. కేరోఫైట్ గైరోగోనైట్ అంటే ఇదే, చెరువు నాచుల్లో ఒక రకం దాని విత్తనం లాంటి భాగం చుట్టూ ఐదు కణాలు ఎడమకి మెలితిరిగి సున్నం పట్టి గట్టిపడతాయి. ఆ నాచు చుట్టాలు ఇప్పటికీ మన చెరువుల్లో ఉన్నాయి. ఇవి దొరికాయంటే అది ఉప్పునీరు కాదు, నిలకడగా ఉన్న తేట నీళ్ల కుంట, వెలుతురు అడుగుదాకా వెళ్లేది. ఒక్క గింజతో చెరువు లోతు మీద ఇంత మాట చెప్పొచ్చంటే నాకు కోటాసారస్ తొడ ఎముక కన్నా ఇదే ఎక్కువ అనిపించింది, పాప మాత్రం ఒప్పుకోలేదు.

ఆస్ట్రకాడ్లు కూడా బాగా ఉన్నాయి, రెండు చిప్పల మధ్య బతికే రొయ్య జాతి పురుగులు, చిప్పలు నున్నగా, మిల్లీమీటరు లోపు. వీటిని, నత్తల్ని వెనిగర్‌లో వెయ్యకూడదు, సున్నపు చిప్పలైతే కరిగిపోతాయి. ఏరినవన్నీ మెడికల్ షాపులో దొరికే ఖాళీ క్యాప్సూల్స్‌లో వేసి, ఒక్కోదానికి సంచి నంబరు రాసి పెడుతున్నాం.

జులై

పై సంచి మట్టిలోంచి ఒక నల్లటి మెరిసే ముక్క వచ్చింది. మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, ఒక పక్క విరిగి ఉంది, మిగిలిన రెండు అంచులు నిటారుగా, పైభాగం గాజు పూసినంత నునుపు, అడుగు భాగం గరుగ్గా, ఎముక రంగు. రాయి కాదని వెంటనే తెలిసింది, కానీ ఏంటో తెలీలేదు. దాంతోపాటు ఇంకో సన్నటి మొన, పన్నేమో అని ఆశ.

ఒక జియాలజీ సార్ దగ్గరికి తీసుకెళ్లాం (పేరు వద్దన్నారు). ఆయన మొదట అడిగింది ముక్క కాదు, చీటీ. చీటీ, గోడ ఫోటో చూశాకే డబ్బా తెరిచారు. మైక్రోస్కోప్ కింద పెట్టి, గార్ చేప పొలుసు అయ్యుండాలి అన్నారు. లెపిసోస్టియస్ జాతి. వీటి పొలుసులు మామూలు చేపలవిలా పలచగా ఉండవు, డైమండ్ ఆకారంలో మందంగా, పైన గానోయిన్ అనే ఎనామెల్ లాంటి పూత ఉంటుంది, అందుకే ఇన్నేళ్లు ఆ మెరుపు పోలేదు. ఈ చేపలు ఇప్పుడు ఉత్తర, మధ్య అమెరికాల్లో, క్యూబాలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేవు. అలాంటిది వికారాబాద్ చెరువులో ఈదింది. పాప కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే పులుసు పెట్టుకునేవాళ్లు కూడా లేరు కదా పిన్నీ అప్పుడు" అంది. రెండో మొన కూడా చేప పన్నే అన్నారు, ఏ చేపో ఒక్క మొన చూసి చెప్పడం కుదరదన్నారు. క్షీరదం పన్ను అయితే ఇలా ఒంటి మొనగా కాదు, దవడ పన్నుకి మొనలు, మధ్యలో గుంట, కింద రెండు మూడు వేర్లు ఉంటాయట. ఫోటోలు చూపించారు, ఇప్పుడు ఏం వెతకాలో కంటికి తెలుసు. డెక్కనోలెస్టిస్ పళ్ల కోసం వాళ్లు ఎన్ని బస్తాల మట్టి కడిగారో తలుచుకుంటే మా రెండు సంచులు ఏ మూలకి.

పొలుసు ముక్క, చేప పన్ను ఆయన దగ్గరే పెట్టేశాం, చీటీతో సహా. ఇంట్లో షోకేసులో పెట్టుకుంటే మనకి బాగుంటుంది కానీ ఎవరికీ పనికిరాదు. ఒకవేళ మీకెవరికైనా పొలంలో వేలెడు మించిన ఎముక, పన్ను లాంటిది కనిపిస్తే పీకకండి, ఫోటో తీసి లొకేషన్ పెట్టుకుని బండ్లగూడలో జీఎస్ఐ ఆఫీసుకి గానీ, దగ్గర్లో యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌కి గానీ చెప్పండి. ఆన్‌లైన్‌లో అమ్మే ఫాసిల్స్ కొనకండి, సగం సిమెంటు బొమ్మలే.

సార్ ఇంకో మాట చెప్పారు, రాజమండ్రి వైపు కూడా ఇదే కథ ఉంది కానీ నీళ్లు వేరు అని. గౌరీపట్నం, కాటేరు క్వారీల్లో నల్లరాయి మధ్య సున్నపు పొరలో ఆల్చిప్పలు, ఉప్పునీటి నత్తలు దొరుకుతాయి, అంటే సముద్రం అంచు. ఆ లావా పడమటి కనుమల దాకా వెతికితే తప్ప పుట్టుక దొరకదు, సుమారు 1000 కిలోమీటర్లు పారి వచ్చింది. జియాలజీ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో ఆ క్వారీ పొరల్లోని సూక్ష్మ సముద్ర జీవుల్ని చూసే లావా పెద్ద దశ డైనోసార్లు పోయిన కాలం దగ్గరే ముగిసిందని రాసింది. అక్కడ మా పెదనాన్న గారబ్బాయి ఉన్నాడు, క్వారీ వాళ్లతో మాట్లాడమని పురమాయించా, వాడు అల్లూరి జిల్లాకి టూర్ వేసుకుని తిరుగుతున్నాడు, చూద్దాం.

ఆగస్టు

వానలు. డాబా మీద ఏదీ ఆరదు, కింద సంచిలో ఇంకా సగం మట్టి అలాగే ఉంది. ఈలోపు కడిగేసిన దాంట్లో 30 మెష్ మీదది మొత్తం ఏరేశాం, 60 మెష్‌ది మిగిలింది. పళ్ల కోసమైతే 30కి, 60కి మధ్యలో ఇంకో జల్లెడ పెడితే ఏరడం తేలికవుతుందని సార్ చెప్పారు, 40 మెష్ ఒక అడుగు ముక్క తేవాలి.

రైతన్నకి నత్త ఫోటో, పొలుసు ఫోటో వాట్సాప్ చేశాం. ఫోన్ చేశాడు. గుంట నిండిందట, ఆ పొర నీళ్ల కింద ఉంది, ఎండాకాలం దాకా అందదు. కానీ పక్క పొలంలో తమ్ముడు బావి తవ్విస్తున్నాడట, "గదే పచ్చ మన్ను ఎల్లింది మేడం, పక్కకు పోయించి పెట్టిన, ఆనకు కొట్టుకపోకుండ పట్టా గూడ కప్పిన" అన్నాడు. గుట్టగా పోసిన మట్టి అయితే ఏ లోతుదో తెలీదు కాబట్టి దానికి వేరే చీటీ, వేరే నంబరు, పాత వాటితో కలపం. దసరా సెలవుల్లో వెళ్లి బావి గోడ మీద టేపు పెట్టి కొలవాలి, నీళ్లు ఊరకముందే.